అరికాళ్ల మంటలకి హోమియో, ఆయుర్వేదం, ఆక్యుపంక్చర్: అమ్మతో తిరిగిన చోట్ల రివ్యూ

నరాల నొప్పికి ఎవరి దగ్గరికి వెళ్లొచ్చు, ఎవరి దగ్గర్నుంచి లేచి వచ్చేయాలి అని ఈ మధ్య చుట్టాల్లో, ఆఫీసులో చాలామంది అడుగుతున్నారు, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నాను. మా అమ్మకి చాలా ఏళ్లుగా షుగర్, దానివల్ల వచ్చిన అరికాళ్ల మంటలు. మేం ఉండేది హైదరాబాద్‌లో. హోమియో క్లినిక్, పంచకర్మ సెంటర్, ఒక చిన్న ఆయుర్వేద క్లినిక్, ఆక్యుపంక్చర్, ఇవన్నీ అమ్మ పక్కనే కూర్చుని చూశాను. ఊరి బయట పొడి ఇచ్చే ఆయన దగ్గరికి మా మేనమామ వెళ్తే ఏం జరిగిందో కూడా చూశాను. పేర్లు మాత్రం రాయను. ఒకే బోర్డు కింద ఒక బ్రాంచిలో శ్రద్ధగా చూసే డాక్టరు ఉంటారు, ఇంకో బ్రాంచిలో ఐదు నిమిషాల్లో పంపించేస్తారు. అదీగాక మీరు వరంగల్లోనో ఒంగోలులోనో ఉంటే కూకట్‌పల్లి క్లినిక్ పేరుతో మీకేం పని?

ముందు ఒక విషయం. ఇది తెలియకపోతే మిగతాదంతా తప్పుదారి పడుతుంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే రెండు రకాల బాధలు కలిసి వస్తాయి. ఒకటి మంట, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం. రెండోది మొద్దుబారడం. మా అమ్మ రాత్రంతా కాళ్లు మండుతున్నాయని ఫ్యాను కింద కూర్చుంటుంది, అదే అమ్మ పగలు కాలి చెప్పు జారి వెనకపడిపోయినా తెలియకుండా వంటింటి దాకా నడిచి వెళ్లిపోతుంది. నరం ఇంకా దెబ్బతినే కొద్దీ మంట తగ్గి మొద్దుబారడం పెరగొచ్చు. అంటే "మంట తగ్గిందా? తగ్గింది. అయితే మందు పనిచేసింది" అనే లెక్క ఈ జబ్బులో కుదరదు. మంట తగ్గినప్పుడు స్పర్శ అలాగే ఉందా, ఇంకా పోయిందా అని కూడా చూడాలి. ఆ రెండో ప్రశ్న అడగని వాళ్లు ఏ పద్ధతి వాళ్లయినా సరే, ఎంత పేరున్నా సరే, వాళ్ల చేతికి అమ్మని అప్పగించకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మరి ఇంగ్లీషు మందులు ఉండగా ఇవన్నీ ఎందుకు అంటారా? ఉన్నాయి, వాడుతున్నాం కూడా. ప్రీగాబలిన్, గాబాపెంటిన్, డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్, సాధారణంగా డాక్టర్లు రాసేవి ఇవే. కానీ ఇవి అందరికీ పనిచేయవు, పనిచేసినా మంట సగానికి తగ్గితే మంచి ఫలితం కిందే లెక్క. ప్రీగాబలిన్‌తో అమ్మకి మత్తు, తల తిరగడం, పాదాల వాపు. పొద్దున్నే లేచి గోడ పట్టుకుని నడిచేది. అలాంటప్పుడు పక్కింటావిడ వచ్చి "ఫలానా చోట చూపించండి, మా ఆడపడుచుకి పూర్తిగా పోయింది" అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆశని నేను తప్పు పట్టను. నిద్ర లేని మనిషిని రోజూ చూసేవాళ్లకి అది అర్థమవుతుంది.

మొదట హోమియో. పెద్ద చెయిన్, మంచి ఏసీ హాలు. డాక్టరు కన్నా ముందు ఒక కౌన్సెలర్ అమ్మాయి కూర్చోబెట్టి జబ్బు పేరు, ఎన్నాళ్లుగా, ఇంట్లో ఎవరెవరు సంపాదిస్తారు అని అడిగింది. ఆఖరి ప్రశ్న నాకు నచ్చలేదు. డాక్టరు గారు మాత్రం ఓపిగ్గానే మాట్లాడారు, అమ్మకి ఏ కూర ఇష్టం, చల్లగా ఉంటే హాయా వేడిగా ఉంటే హాయా, కలలొస్తాయా, ఇలా చాలా అడిగారు. అమ్మకి ఆ మాటలు బాగా నచ్చాయి, ఎవరూ అంతసేపు తన మాట వినలేదు మరి. కానీ కాళ్లు చూడలేదు. సాక్సులు విప్పమనలేదు. ఏం మందులు వాడుతున్నారని అడిగి, కాగితం మీద చూసి, "ఆర్నెల్లలో ఇవన్నీ మెల్లగా ఆపేద్దాం" అన్నారు. షుగర్ మందులు కూడానా అని అడిగితే "అవసరం ఉండదు" అన్నారు. తర్వాత ఏడాది ప్యాకేజీ, ముందే కట్టాలి, 40 వేల పైచిలుకు, ఈఎంఐ కూడా ఉందట. మధ్యలో మానేస్తే వెనక్కి ఇస్తారా అంటే ఇవ్వరు.

మేం కట్టలేదు. డబ్బు ఒక కారణం, అసలు కారణం ఆ "ఆపేద్దాం" అన్న మాట. ప్రీగాబలిన్ ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, చెమటలు, వికారం, ఆందోళన రావొచ్చు, రాసిన డాక్టరే మెల్లగా తగ్గించాలి. షుగర్ మందులు ఆపితే నరాలకి జరిగేది ఇంకా నష్టమే. ఇక హోమియో ఈ నొప్పికి పనిచేస్తుందా అంటే, 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి ఉన్న పరిశోధనలన్నీ చూసి, ఏ జబ్బుకైనా హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదని తేల్చింది. ఆ తీపి మాత్రలు వేసుకుంటూ మిగతా మందులన్నీ కొనసాగించే వాళ్లతో నాకు పేచీ లేదు. మందులు ఆపమనే డాక్టరుతోనే నా పేచీ.

పొడి ఇచ్చే ఆయన సంగతి వేరే. మా పెద్ద మేనమామకి నడుం దగ్గర్నుంచి పిక్క దాకా లాగే నొప్పి, సయాటికా అన్నారు. ఎవరో చెప్తే ఆదివారం తెల్లవారుజామునే వెళ్లి క్యూలో నిలబడి, పేపరు పొట్లాల్లో కట్టిన పొడి తెచ్చుకున్నాడు. వంశపారంపర్య వైద్యమట, పైసా అడగరు, హుండీలో ఎంత వేస్తే అంత. మూడో రోజుకే నొప్పి ఎగిరిపోయింది, మామయ్య ఫోన్ చేసి "అక్కకి కూడా తెస్తా, నువ్వు అడ్డం పడకు" అన్నాడు. తర్వాత తనని చూస్తే మొహం గుండ్రంగా ఉబ్బింది, ఆకలి విపరీతం, ఇంట్లో మీటరుతో చూస్తే పరగడుపు షుగర్ 280 దాటింది. ఆ మనిషికి అంతకుముందు షుగరే లేదు. పొట్లం పట్టుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగింది, "ఇది మానేశారా, ఇంకా వేసుకుంటున్నారా?" అని. పేరు లేని ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం డాక్టర్లకి తెలిసిన విషయమే. నొప్పి రెండు మూడు రోజుల్లో మాయమవడం, మొహం ఉబ్బడం, ఆకలి పెరగడం, షుగర్ ఎగబాకడం దాని గుర్తులు. ఇంకో ప్రమాదం, ఎక్కువ రోజులు వాడాక ఠక్కున ఆపితే ఒళ్లు తట్టుకోలేదు, బీపీ పడిపోవచ్చు, అందుకే సొంతంగా ఆపకుండా డాక్టరుకి చూపించాలి. ఆ పొట్లంలో ఏముందో నేను పరీక్ష చేయించలేదు, కాబట్టి ఆ వైద్యుడు ఫలానాది కలిపాడని అనను. లోపల ఏముందో రాసి ఇవ్వని మందు షుగర్ ఉన్న మనిషి నోట్లోకి వెళ్లకూడదు, అంతవరకు మాత్రం అంటాను. మామయ్యకి కోపం వచ్చింది, రానివ్వండి.

పంచకర్మ సెంటర్ చూడ్డానికి చాలా బాగుంది. కేరళ నుంచి వచ్చిన థెరపిస్టులు, శుభ్రమైన గదులు, తలుపు దగ్గర్నుంచే తైలాల వాసన. నడుం నొప్పి వాళ్లకి కటి బస్తి చేస్తున్నారు, మినపపిండి ముద్దతో నడుం మీద గట్టులా కట్టి అందులో గోరువెచ్చటి తైలం పోసి నిలబెడతారు. ఆ చేయి తిరిగిన పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. అమ్మకి పాదాలకి తైలధార, ఆ తర్వాత ఆవిరి అన్నారు. అక్కడ ఒక విషయం గమనించాను. ఆ అమ్మాయి తైలం వేడి చేసి, "వేడి సరిపోయిందా అమ్మా?" అని అమ్మనే అడిగింది. అమ్మ సరిపోయిందంది. అమ్మ పాదాలకి వేడి తెలియదు కదా! నేను గిన్నెలో వేలు పెట్టి చూస్తే చురుక్కుమంది. ఆపించాను. ఆ అమ్మాయిది తప్పు కాదు, ఆమెకి చెప్పాల్సింది డాక్టరు. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన కాళ్లని వేడినీళ్లలో పెట్టడం, హీటింగ్ ప్యాడ్ వేయడం, వేడి తైలం పోయడం వల్ల బొబ్బలు లేచి, అవి పుండ్లయి, వేళ్లు తీసేసే దాకా వెళ్లిన వాళ్లున్నారు. ఇలాంటి సెంటరుకి వెళ్తే మీరే మోచెయ్యి ముంచి వేడి చూడండి, పసిపిల్లల స్నానానికి చూసినట్టు.

అదే చోట కడుపులోకి కూడా మందులిచ్చారు, రెండు రకాల మాత్రలు, ఒక చూర్ణం. మాత్రల్లో భస్మాలు (లోహాల్ని, ఖనిజాల్ని కాల్చి చేసే పొడులు) ఉన్నాయా అని అడిగితే "అన్నీ నేచురల్ అండీ" అన్నారు. అది నా ప్రశ్నకి జవాబు కాదు. ఆయుర్వేదంలో రసౌషధాలు ఒక పెద్ద శాఖ, పాదరసం, సీసం లాంటి లోహాలను శుద్ధి చేసి వాడతారు, దాచుకోవాల్సిన సంగతేం కాదది. 2004లో అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులు పరీక్షిస్తే 14 వాటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో దొరికింది. సీసం, ఆర్సెనిక్ ఈ రెండూ స్వయంగా నరాలని దెబ్బతీసేవే, ఆర్సెనిక్ వల్ల వచ్చేది అచ్చం ఈ అరికాళ్ల మంటల్లాగే ఉంటుంది. కాబట్టి ఏ భస్మం, ఎంత, ఎన్నాళ్లు, కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేస్తారు అని అడగడం మన హక్కు. జవాబు చెప్పని చోట కడుపులోకి మందు తీసుకోకండి. (ఈ మాట విటమిన్లకీ వర్తిస్తుంది. నరాల బలానికని వాడే మాత్రల్లో బి6 ఎక్కువ డోసులో చాలాకాలం వాడితే అది కూడా నరాలని పాడు చేస్తుంది. ఏళ్ల తరబడి ఎవరినీ అడక్కుండా వేసుకునే వాళ్లు మన ఇళ్లలో బోలెడుమంది.)

ఇక అందరికన్నా నాకు నచ్చింది మెడికల్ షాపు పైన చిన్న గదిలో కూర్చునే ఒక ఆయుర్వేద డాక్టరు. బీఏఎంఎస్, రిజిస్ట్రేషన్ నంబరు బోర్డు మీదే ఉంది. లోపలికి వెళ్లగానే "అమ్మా, చెప్పులు విడిచి మంచం మీద కాళ్లు చాపుకోండి" అంది. ముందు పాదాలు తిప్పి చూసింది, వేళ్ల సందులు, మడమ పగుళ్లు, గోళ్లు. తర్వాత అమ్మని కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారం ఒకటి తీసి అరికాలి మీద అక్కడక్కడా ఆనించి "ఇప్పుడు తగిలిందా?" అని అడుగుతూ వెళ్లింది. వంగేటప్పటికి సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి పడే దారం అది, షుగర్ క్లినిక్కుల్లో వాడేదే. మధ్యలో ఒకసారి దారం ఆనించకుండానే "ఇప్పుడు?" అంది. అమ్మ "ఆఁ, తగిలింది" అంది! నాకు గుండె జారిపోయింది. ఆ పిల్ల మాత్రం ఏమీ అనకుండా రాసుకుంది. తర్వాత ట్యూనింగ్ ఫోర్కు మోగించి ముందు నుదుటి మీద పెట్టి "ఈ గుయ్యిమనడం తెలుస్తోందా, ఇది తెలిస్తేనే చెప్పండి" అని అమ్మకి అలవాటు చేసి, అప్పుడు బొటనవేలి మీద పెట్టింది.

అంతా అయ్యాక మందు రాయకుండా ఒక ప్రశ్న వేసింది. "మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ల నుంచి వాడుతున్నారు? బి12 ఎప్పుడైనా చూపించారా?" అని. ఎప్పుడూ చూపించలేదు. మెట్‌ఫార్మిన్ అనే ఈ షుగర్ మాత్ర చాలా ఏళ్లు వాడితే ఒంట్లో బి12 విటమిన్ తగ్గొచ్చు, బి12 తగ్గితే వచ్చే నరాల బాధ షుగర్ వల్ల వచ్చేదానిలాగే ఉంటుంది, పైగా అది ఇంజెక్షన్లతో సరిచేయగలిగింది. పరీక్ష చేయిస్తే అమ్మకి బాగా తక్కువ వచ్చింది. రిపోర్టు చూసి "ఇది ముందు మీ ఫిజీషియన్‌కి చూపించండి, ఇంజెక్షన్లు ఆయనే రాస్తారు" అని పంపించింది. తన దగ్గరికి వచ్చిన పేషెంటుని అలా పంపడం చిన్న విషయం కాదు. తన వంతుగా ఇచ్చింది క్షీరబలా తైలం, పైపూతకి మాత్రమే, చేత్తో పట్టుకుంటే వెచ్చగా కూడా అనిపించకూడదని మరీ చెప్పింది. అమ్మ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి కడుపులోకి ఏమీ ఇవ్వలేదు. "ఆరు వారాలు చూద్దాం, రాత్రి నిద్రలో తేడా లేకపోతే దీన్ని ఆపేద్దాం" అంది. ఎప్పుడు ఆపాలో ముందే చెప్పిన మనిషి నాకు ఈ తిరుగుళ్లన్నిట్లో ఆమె ఒక్కతే. ఫీజు 300. మెట్లు దిగుతూ అమ్మ అన్న మాట, "కాళ్లు పట్టుకు చూసింది ఈ పిల్లే కదే."

ఆమే ఇంకో పని చెప్పింది. రోజూ పొద్దున్నే, రాత్రి మంట ఎంత ఉందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేసి రాయమని. అమ్మ గోడ కేలండర్లో పాల లెక్క రాసే గడిలోనే పక్కన ఈ అంకె కూడా వేస్తుంది. దీని విలువ నాకు తర్వాత తెలిసింది. నరాల నొప్పి ఒక్కలా ఉండదు, ఓ వారం నరకం, ఓ వారం పర్వాలేదు. మనం కొత్త డాక్టరు దగ్గరికి పరిగెత్తేది నరకంగా ఉన్న వారంలోనే. ఆ తర్వాత ఏం వాడినా వాడకపోయినా కొంత తగ్గడం సహజం, కానీ పేరు మాత్రం కొత్త మందుకి వస్తుంది. "మా ఆడపడుచుకి పోయింది" కథల్లో చాలా వాటి వెనక ఉన్నది ఇదే అని నా అభిప్రాయం. కేలండర్ నాలుగు పేజీలు తిప్పి చూస్తే ఈ భ్రమ పోతుంది.

ఆక్యుపంక్చర్ గురించి కొంచెం. మేం వెళ్లిన ఆయన ప్రతిసారీ సీలు ఉన్న కొత్త సూదులు మా ముందే విప్పారు, వాడినవి డబ్బాలో పడేశారు, ఇది మొదట చూడాల్సిన విషయం. పాదాల్లో సూదులు పెట్టనన్నారు, షుగర్ ఉన్నవాళ్లకి అక్కడ చిన్న గాయం కూడా వద్దన్నారు, ఆ జాగ్రత్త నాకు నచ్చింది. చేయించుకున్న రాత్రీ, మర్నాడు రాత్రీ అమ్మ బాగా నిద్రపోయేది, తర్వాత మళ్లీ మామూలే. కేలండర్ అంకెల్లో పెద్ద మార్పు లేదు. ఒక వైద్యం మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2017లో ఇచ్చిన సమీక్ష కూడా నరాల నొప్పికి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందనీ, చేయదనీ చెప్పడానికి చాలినంత ఆధారం లేదనే అంది. రెండు రాత్రుల నిద్ర కోసం ఆ ఖర్చు పెట్టుకోగలిగితే పెట్టుకోండి, "15 సిట్టింగుల్లో నరాలు మళ్లీ మొలుస్తాయి" అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి.

వీడియోల్లో టపటపా మెడలు, నడుములు విరిచే వాళ్ల దగ్గరికి మేం వెళ్లలేదు. అరికాళ్ల మంటకి నడుం విరిస్తే వచ్చేదేం లేదు, మెడ గట్టిగా తిప్పితే అరుదుగానైనా మెదడుకి వెళ్లే రక్తనాళం చిట్లి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. గాట్లు పెట్టి కప్పులతో రక్తం లాగే హిజామా కూడా అంతే, షుగర్ ఉన్న ఒంటి మీద గాట్లు పెట్టించడం నాకు ఇష్టం లేదు.

డిగ్రీ గురించి అడిగారు కొందరు. ఆయుర్వేదానికి బీఏఎంఎస్, హోమియోకి బీహెచ్ఎంఎస్, ప్రకృతి వైద్యానికి బీఎన్‌వైఎస్. ప్రైవేటులో ఎవర్ని నమ్మాలో తోచకపోతే ప్రభుత్వ కాలేజీల ఆసుపత్రులున్నాయి, హైదరాబాద్ ఎర్రగడ్డలో బీఆర్‌కేఆర్ ఆయుర్వేద కాలేజీ, విజయవాడలో ఎన్ఆర్ఎస్ ఆయుర్వేద కాలేజీ, రామంతాపూర్‌లో, గుడివాడలో హోమియో కాలేజీలు. అక్కడ కనీసం మీకు ప్యాకేజీ అమ్మేవాళ్లు ఉండరు. ఇంకోటి, షుగర్‌నీ నరాల జబ్బుల్నీ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. ఆ రెండూ ఆ చట్టం జాబితాలో పేరుపేరునా ఉన్నాయి. కాబట్టి "నరాల బలహీనతకు 100% గ్యారంటీ" అని ఆటో వెనక కనిపిస్తే, ఆ ప్రకటన ఇచ్చినాయన చట్టాన్ని పట్టించుకోలేదని అక్కడే తెలిసిపోయింది.

కొన్నిటికి మాత్రం ఈ రివ్యూలో ఉన్న ఎవరి దగ్గరికీ వెళ్లకండి. పాదం పైకి లేవకుండా వేలాడిపోవడం, నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య మొద్దుబారడం, కాళ్ల బలం రోజుల వ్యవధిలో తగ్గిపోవడం, షుగర్ పాదం మీద పుండు. వీటికి నేరుగా పెద్దాసుపత్రి, అదే రోజు.

అమ్మ ఇప్పుడు బి12 ఇంజెక్షన్లు తీసుకుంటోంది, ప్రీగాబలిన్ డోసు తగ్గించి రాత్రికి మాత్రమే ఇస్తున్నారు, పడుకునే ముందు తైలం రాస్తున్నాను. కేలండర్లో ఎనిమిదులు, తొమ్మిదులు ఉన్నచోట ఇప్పుడు ఎక్కువగా ఐదులు కనిపిస్తున్నాయి. మూడూ ఇంచుమించు ఒకేసారి మారాయి కాబట్టి ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను, తైలం వల్లే అని ఎవరైనా అడిగితే అవునని అనను. నైలాన్ దారం పరీక్ష మళ్లీ చేస్తే స్పర్శ అప్పుడున్నట్టే ఉంది, ఇంకా పోలేదు. వచ్చే నెల ఫిజీషియన్ని డులోక్సెటిన్ గురించి అడగాలి, అమ్మ కిడ్నీ రిపోర్టుతో అది కుదురుతుందో లేదో ఆయనే చెప్పాలి.